తోలు వాళ్ళకు, ఉప్పు మనకు

పోయిన నెల మా పక్క మండలంలో ఒక సభ జరిగింది. తోళ్ళ పార్కు వస్తుంది, వందల మందికి ఉద్యోగాలు దొరుకుతాయి, బూట్లు, బ్యాగులు ఇక్కడి నుంచే విదేశాలకు పోతాయి అని వేదిక మీది పెద్దమనుషులు చెప్పారు. కింద కూర్చున్న ఒక కుర్రాడు లేచి, "మరి నీళ్ళ సంగతేంది సార్?" అని అడిగాడు. "ట్రీట్‌మెంట్ ప్లాంటు పెడతాం, చుక్క నీరు బయటికి రాదు" అని జవాబు. చప్పట్లు కొట్టారు. సభ ముగిసింది.

సాయంత్రం ఆ కుర్రాడు మా ఇంటికి వచ్చాడు. "పెదనాయనా, నువ్వు చిన్నప్పుడు వాణియంబాడి టానరీలో పనిచేసినావంట కదా. వాళ్ళు చెప్పేది నిజమేనా?" అన్నాడు.

పనిచేసిన మాట నిజం. పదో తరగతి పాసై, ఊళ్ళో కరువు పట్టి, పొట్ట చేత పట్టుకుని సరిహద్దు దాటిన వాళ్ళలో నేనూ ఒకణ్ణి. పద్నాలుగు నెలలు తోళ్ళ మధ్య బతికాను. అందుకే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. మన రైతుల్లో చాలామందికి తోలు అంటే కాలి చెప్పే తెలుసు. పచ్చి తోలుకూ చెప్పుకూ మధ్య ఏం జరుగుతుందో తెలియదు. అది తెలియకపోతే వేదిక మీద వాళ్ళు ఏం చెప్పినా చప్పట్లు కొట్టాల్సిందే.

తోలు ఎట్లా తయారవుతుంది?

పశువు తోలు ఒలిచిన కొన్ని గంటల్లోనే కుళ్ళడం మొదలవుతుంది. కుళ్ళకుండా ఉండాలంటే వెంటనే ఉప్పు పట్టించాలి. మామూలు ఉప్పే. టన్ను పచ్చి తోళ్ళకు మూడు నాలుగు క్వింటాళ్ళ ఉప్పు చల్లుతారు. తోలు మీద తోలు, మధ్యలో ఉప్పు, ఇట్లా దొంతర పేర్చి లారీలకెత్తుతారు. చేరిన మొదటి నెల నా పని ఆ తోళ్ళను విప్పి దులపడం. చేతులు పగిలి, పగుళ్ళలో ఉప్పు దిగి, రాత్రి అన్నం కలుపుకోవాలంటే ప్రాణం పోయేది.

దులిపితే రాలేది కొంతే. మిగతా ఉప్పు తోలులోకి దిగిపోయి ఉంటుంది. అది పోవాలంటే నీళ్ళలో నానబెట్టి, మార్చి మార్చి కడగాలి. దీన్ని సోకింగ్ అంటారు. ఉప్పుతో పాటు రక్తం, పేడ, మట్టి అన్నీ ఆ నీళ్ళలోకి వస్తాయి. సోకింగ్ నీళ్ళలో లీటరుకు ముప్పై గ్రాముల పైనే ఉప్పులుంటాయి. సముద్రపు నీళ్ళలో ఉండేది ముప్పై ఐదు. అంటే టానరీ తూము దగ్గర ఒక చిన్న సముద్రం పారుతున్నట్టే.

రెండో మెట్టు సున్నం. సున్నమూ సోడియం సల్ఫైడూ కలిపిన నీళ్ళలో తోళ్ళను వేస్తే వెంట్రుకలు కరిగి ఊడిపోతాయి, తోలు ఉబ్బుతుంది. తర్వాత మిషను మీద లోపలి వైపు మాంసపు పొర గీకేస్తారు. టానరీ ఊళ్ళలో మురిగిన గుడ్ల వాసన ఈ సల్ఫైడుదే. ఆ నీళ్ళకు యాసిడ్ నీళ్ళు కలిశాయంటే విషవాయువు లేస్తుంది. టానరీ తొట్లు కడగడానికి దిగి ఆ గాలికి లోపలే కూలిపోయిన కూలీలు తమిళనాడులో ఒకరిద్దరు కాదు.

మూడో మెట్టులో సున్నాన్ని విరుస్తారు. దానికి అమ్మోనియం సల్ఫేటు వాడతారు, మనం పొలంలో చల్లే ఎరువే. తోలు మెత్తబడడానికి ఎంజైములు వేస్తారు. పాతకాలంలో దీనికి కుక్క పెంట, పావురాల రెట్ట వాడేవాళ్ళు. నాలుగో మెట్టు పికిలింగ్. పేరుకు తగ్గట్టే ఊరగాయ పెట్టినట్టు మళ్ళీ ఉప్పు, దాంతో సల్ఫ్యూరిక్ యాసిడ్. తోలు యాసిడ్‌కు ఉబ్బి చెడిపోకుండా కాచేది ఈ ఉప్పే. గమనించండి, ఉప్పు రెండోసారి వచ్చింది.

ఐదో మెట్టే అసలు టానింగ్. పెద్ద చెక్క డ్రమ్ములో తోళ్ళను వేసి, బేసిక్ క్రోమియం సల్ఫేట్ పొడి వేసి గంటల తరబడి తిప్పుతారు. తోలు లేత నీలం రంగులో బయటికి వస్తుంది. దీన్ని వెట్ బ్లూ అంటారు. ఇక అది కుళ్ళదు, మరిగే నీళ్ళకు కూడా తట్టుకుంటుంది. పాత పద్ధతిలో వారాలు పట్టే పని ఒక్క రోజులో అయిపోతుంది. ఫ్యాక్టరీ వాళ్ళకు క్రోమ్ అంటే ప్రాణం అందుకే. అయితే వేసిన క్రోమంతా తోలు పట్టదు. మామూలు పద్ధతిలో మూడింట ఒక వంతు నీళ్ళతోనే పోతుంది.

ఆ తర్వాతివి నునుపు పనులు. నీళ్ళు పిండడం, చీల్చడం, మందం సరిచేయడానికి గీకడం, మళ్ళీ డ్రమ్ములో వేసి రంగు, నూనె పట్టించడం. ఆరబెట్టి, సాగదీసి, మెత్తబడేలా కొట్టి, సాన పట్టి, పైన రంగు పూత స్ప్రే కొట్టి, ఇస్త్రీ చేసి, చదరపు అడుగుల్లో కొలుస్తారు. షోరూములో చెప్పు మీద చెయ్యి వేసి "ఎంత నున్నగా ఉందో" అంటాం చూడండి, ఆ నునుపంతా ఈ చివరి మెట్లలో వచ్చిందే. మురికంతా మొదటి ఐదు మెట్లలోనే ఉంది.

లెక్క చూద్దాం

రైతుకు లెక్కలు రావంటారు. ఒకసారి వేసి చూద్దాం.

టన్ను ఉప్పు తోళ్ళు లోపలికి పోతే తయారై బయటికి వచ్చే తోలు రెండు, రెండున్నర క్వింటాళ్ళు. మిగతాదంతా వెంట్రుక, మాంసం, కొవ్వు, గీకిన పొట్టు, బురద. కిలో పచ్చి తోలుకు ముప్పై, నలభై లీటర్ల నీళ్ళు. అంటే టన్నుకు ముప్పై నలభై వేల లీటర్లు, ఏడెనిమిది ట్యాంకర్లు. పట్టించడానికి, ఊరబెట్టడానికి వేసిన ఉప్పు క్వింటాళ్ళ కొద్దీ.

ఇప్పుడు ఒక్క ప్రశ్న. తయారైన తోలులో ఆ ఉప్పు ఎంత ఉంటుంది? దాదాపు ఏమీ ఉండదు. ఉంటే చెప్పు మీద తెల్లగా పొంగి కొనేవాడు తిరగ్గొడతాడు. వెంట్రుక కరుగుతుంది, మాంసం కుళ్ళి మట్టిలో కలుస్తుంది, యాసిడ్‌ను సున్నం విరుస్తుంది. ఉప్పును మాత్రం ఏ పురుగూ తినదు, ఏ ఎండా కాల్చదు. లోపలికి ఎంత పోయిందో అంతా బయటికి రావాల్సిందే. అయితే నీళ్ళలో, లేకపోతే గుట్టగా. మూడో దారి లేదు.

టానరీ గొడవ వచ్చినప్పుడల్లా అందరూ క్రోమ్ గురించి, కంపు గురించి మాట్లాడతారు. మాట్లాడాల్సిందే. కానీ రైతును ముంచింది ముందుగా ఉప్పు. దానికి రంగు లేదు, వాసన లేదు. వచ్చింది తెలిసేసరికి బావి పోయి ఉంటుంది.

మా మేనమామ బావి

వాణియంబాడికి దిగువన పాలారు గట్టున మా అమ్మ పుట్టిల్లు. పాలారు పరాయి నది కాదు. కర్ణాటకలో నంది కొండల దగ్గర పుట్టి, మన కుప్పం వైపు ముప్పై మూడు కిలోమీటర్లు నడిచి, తమిళనాడులోకి దిగి, రెండు వందల కిలోమీటర్ల పైన పోయి సముద్రంలో కలుస్తుంది. ఆ గట్టున మన తెలుగు మాట్లాడే ఇళ్ళు తరతరాలుగా ఉన్నాయి.

మా మేనమామకు మూడెకరాల మడి, ఒక గిలక బావి. నా చిన్నప్పుడు ఆ బావి నీళ్ళు ఊరంతా తాగేది. పాలారులో ఏడాదిలో ఎక్కువ కాలం పైకి నీళ్ళు కనిపించవు. ఇసుక కిందే పారుతుంది. ఆ ఊటే బావుల్ని నింపేది. ఎగువన టానరీలు వదిలింది కూడా ఆ ఇసుకలోనే దిగి, ఆ ఊటలోనే కలిసింది.

టానరీలో పనిచేసేటప్పుడు ఒక ఆదివారం మామ ఇంటికి పోయాను. అత్త చెంబుతో నీళ్ళిచ్చింది. గుక్క తాగి ఉమ్మేశాను. మామ నవ్వాడు. "ఏంరా అల్లుడా, మూడు నెలలుగా ఇదే. నువ్వు ఆడ ఉప్పు కడిగితే నీకు కూలి వచ్చె, నాకు ఉప్పు నీళ్ళు వచ్చె" అన్నాడు. తిట్టలేదు. నవ్వుతూనే అన్నాడు. నలభై ఏళ్ళు కావస్తోంది, ఆ నవ్వు నన్ను వదల్లేదు.

ముందు వరి పోయింది. నారు పోస్తే మొలక రాలేదు. మట్టిలో ఉప్పు ఎక్కువైతే నీళ్ళు పక్కనే ఉన్నా వేరు తాగలేదు. తర్వాత చెరకు పోయింది. కొబ్బరి కొంచెం ఉప్పుకు ఓర్చుకుంటుంది కదా అని మొక్కలు పెట్టాడు. కొన్నేళ్ళు నిలబడి, పిందెలు రాల్చి, అవీ తల వాల్చాయి. ఉప్పులోని సోడియం మట్టి రేణువుల్ని పట్టుకుని అక్కడున్న సున్నాన్ని బయటికి నెడుతుంది. అప్పుడు నేలకు గుల్లతనం పోతుంది. తడిస్తే బంక, ఎండితే రాయి. మన వైపు చౌడు పట్టడం అంటాం కదా, అదే. చౌడుకు జిప్సం వేసి మంచి నీళ్ళతో కడిగితే బాగవుతుందని వ్యవసాయ ఆఫీసరు చెబుతాడు. నిజమే. మంచి నీళ్ళు ఎక్కడివి? బావిలో ఉన్నదే ఉప్పు.

ఆఖరికి ఆ మూడెకరాల్లో కంప చెట్లు మొలిచాయి. మామ కొడుకు ఆంబూరులో బూట్ల కంపెనీలో పనికి కుదిరాడు. భూమిని తిన్న పరిశ్రమలోనే కూలికి చేరాడు. దీన్నే వేదిక మీది వాళ్ళు "ఉపాధి కల్పన" అంటారు.

ఇప్పుడు ఆ బావి నీళ్ళు పశువు కూడా తాగదు.

"ప్లాంటు పెడతాం"

వాళ్ళు పెట్టే ప్లాంటు ఏం చేస్తుందో చెబుతాను. టానరీల నీళ్ళన్నీ పైపుల్లో ఒకచోట చేరుస్తారు. మందులు వేసి బురద కిందికి దించుతారు. క్రోమ్ చాలావరకు ఆ బురదలోకి పోతుంది. తర్వాత గాలి కొట్టి, సూక్ష్మజీవుల చేత మురికి తినిపిస్తారు. కంపు తగ్గుతుంది, నీళ్ళు తేటపడతాయి. మంత్రిగారిని పిలిచి గాజు గ్లాసులో పట్టి చూపిస్తారు. ఆ గ్లాసు నీళ్ళను ఎవరైనా నాలుక మీద వేసుకున్నారా? ఈ రకం ప్లాంటు ఉప్పును ముట్టుకోదు. నీళ్ళు ఎంత తేటగా ఉన్నా ఉప్పు అంతే ఉంటుంది. బయటికి వదిలే నీళ్ళలో కరిగిన ఉప్పులు లీటరుకు 2,100 మిల్లీగ్రాములు దాటకూడదని నిబంధన. టానరీ మురుగులో ఉండేది దానికి ఎన్నో రెట్లు.

ఈ సంగతి తెలిసే తమిళనాడులో తర్వాత "చుక్క బయటికి రాని" ప్లాంట్లు పెట్టించారు. నీళ్ళను సన్నటి పొరల గుండా తోసి మంచి నీళ్ళు వేరు చేస్తారు. మిగిలిన చిక్కటి ఉప్పు నీళ్ళను మరిగించి ఉప్పు పొడి చేస్తారు. వినడానికి బాగుంది. కరెంటు, కట్టెల ఖర్చు బరువెక్కువ. సరే, అయింది. ఆ ఉప్పు పొడిని ఏం చేయాలి? అది కూరలోకి పనికిరాదు, మళ్ళీ తోలుకూ పనికిరాదు, అన్ని మందులూ కలిసిన ఉప్పు. షెడ్లలో మూటలు పేర్చి పెడుతున్నారు. ఆ మూటలు తడిసిన రోజు అది మళ్ళీ పాలారులోకే.

బురద సంగతి ఇంకా ఘోరం. 2015 జనవరి 31 తెల్లవారకముందు రాణిపేటలో టానరీల ఉమ్మడి ప్లాంటు బురద తొట్టి గోడ కూలింది. పక్క ఆవరణలో నిద్రపోతున్న కూలీల మీద ఆ బురద విరుచుకుపడి పది మంది చనిపోయారు. ఎక్కువమంది ఎక్కడో బెంగాల్ నుంచి పొట్ట కూటికి వచ్చినవాళ్ళు. అదే రాణిపేటలో, టానరీలకు క్రోమ్ మందులు చేసి 1990లలోనే మూతబడిన ఫ్యాక్టరీ ఒకటి లక్షన్నర టన్నులకు తగ్గని క్రోమ్ చెత్తను గుట్టగా వదిలిపోయింది. వాన పడితే పసుపు పచ్చ నీళ్ళు. ఫ్యాక్టరీ పోయింది, యజమాని పోయాడు, గుట్ట మిగిలింది.

"ప్లాంటు పెడతాం" అన్నవాళ్ళను మనం అడగాల్సింది ఒక్కటే: బురద ఎక్కడ పెడతారు, ఉప్పు ఎక్కడ పెడతారు, ఎన్నేళ్ళు కాపలా కాస్తారు?

కోర్టు చెప్పింది, ఊరికి చేరలేదు

వేలూరు ప్రజలు ఊరికే కూర్చోలేదు. వేలూరు సిటిజన్స్ వెల్ఫేర్ ఫోరం 1991లో సుప్రీంకోర్టుకు పోయింది. 1996 ఆగస్టు 28న తీర్పు వచ్చింది. పాడుచేసినవాడే మూల్యం చెల్లించాలి అన్న సూత్రం మన దేశ చట్టంలో భాగమని గట్టిగా చెప్పిన తీర్పు అది. దేశంలో ఏ కాలుష్యం కేసు నడిచినా ఈ రోజుకీ ఆ తీర్పు పేరు చెబుతారు. న్యాయవిద్యార్థులు బట్టీ పడతారు.

ఆ తీర్పులోనే ఉంది: టానరీల ప్రాంతంలో దాదాపు 35,000 హెక్టార్ల సాగు భూమి కొంతో పూర్తిగానో పనికిరాకుండా పోయిందని వ్యవసాయ విశ్వవిద్యాలయం వేలూరు పరిశోధన కేంద్రం తేల్చింది. మన లెక్కలో ఎనభై ఆరు వేల ఎకరాలు. దిండిగల్ వైపు 13 గ్రామాల్లో 467 బావులు చూస్తే 350 బావులు చెడిపోయాయి. టానరీ ఒక్కింటికి పదివేల రూపాయల జరిమానా వేసి, బాధితులకు పరిహారం కట్టడానికి ఒక అథారిటీని పెట్టమన్నారు.

అథారిటీ 2001లో లెక్క తేల్చింది. బాధితులు 29,193 మంది. కట్టాల్సిన టానరీలు 547. మొత్తం పరిహారం సుమారు 26 కోట్ల 82 లక్షలు. 1991 ఆగస్టు నుంచి 1998 డిసెంబరు దాకా జరిగిన నష్టానికి ఇది.

పెన్ను తీసుకుని భాగించండి. తలా తొమ్మిది వేల రెండు వందల లోపు. ఏడేళ్ళ నాలుగు నెలల పైచిలుకు కాలానికి. రోజుకు మూడు రూపాయల నలభై పైసలు. అటు వైపు నుంచి భాగిస్తే, టానరీ ఒక్కింటికి నెలకు సుమారు ఐదున్నర వేలు. ఒక మనిషి భూమినీ బావినీ తీసుకున్నందుకు కట్టిన ధర ఇది. ఇంత చవకగా దొరికితే ఎవడు ఉప్పు ఆపుతాడు? కొత్త పద్ధతి పెట్టే ఖర్చు కన్నా రైతు బావి పాడుచేయడమే లాభం.

ఆ మూడు రూపాయల నలభై పైసలకు కూడా మా మామ పేరు జాబితాలో ఎక్కలేదు. పట్టా తాత పేరు మీద ఉందన్నారు. మార్పించుకుని వచ్చేసరికి జాబితా మూశామన్నారు.

తీర్పు వచ్చిన ఇరవై ఎనిమిదేళ్ళకు, 2025 జనవరి 30న, సుప్రీంకోర్టు మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. పరిహారం అందనివాళ్ళకు ఆరు వారాల్లో ఇవ్వండి, ఆ డబ్బు పరిశ్రమల దగ్గర వసూలు చేయండి, చెడిన నేలా నీరూ బాగయ్యే దాకా పాడుచేసినవాళ్ళ బాధ్యత తీరదు, హైకోర్టు మాజీ న్యాయమూర్తి ఆధ్వర్యంలో కమిటీ వేసి చూడండి అని. మంచి తీర్పే. కానీ మొదటి తీర్పు నాటికి నలభై ఏళ్ళున్న రైతుకు ఇప్పుడు అరవై ఎనిమిది. మా మామ ఆ రెండో తీర్పు వినలేదు. అప్పటికే ఆయన లేడు.

ఈ మధ్యలో ఏం జరిగిందో కూడా చెప్పాలి. కుప్పం సరిహద్దులో పాలారు మీద చెక్‌డ్యాముల ఎత్తు గురించి రెండు రాష్ట్రాల నాయకులూ తొడలు కొట్టారు. మా నీళ్ళు మీరు ఆపుతున్నారని వాళ్ళు, మా హక్కు మాదని మనవాళ్ళు. వాటా గొడవ న్యాయంగా తేలాల్సిందే, కాదనను. కానీ వచ్చే నీళ్ళలో ఉప్పు గురించి ఏ వైపు నాయకుడూ తొడ కొట్టలేదు. రెండు వైపులా రైతులు తిట్టుకుంటుంటే మధ్యలో తూము నిశ్శబ్దంగా పారింది.

ఇది తోలు పని మీద దాడి కాదు

ఈ మాటలు చదివి, తోలు పనే చెడ్డది, ఆ పని చేసేవాళ్ళే చెడ్డవాళ్ళు అని ఎవరైనా అంటే వాళ్ళతో నాకు పొత్తు లేదు. మన వ్యవసాయం నిలబడిందే తోలు మీద. కపిల తొండం తోలుదే. ఎద్దు మెడ పట్టా, ముల్లుకర్ర కొస వారు, రైతు కాలి కిర్రు చెప్పు, ఊరి డప్పు, అన్నీ మాదిగ పెద్దల చేతి పని. తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయ వేసి వారాల తరబడి ఊరబెట్టి తోలు చేసేవాళ్ళు. మనం వాళ్ళకు గింజలు కొలిచాం గానీ గౌరవం కొలవలేదు. కంపు అన్నాం, ఊరి బయట ఉంచాం. అది మన తప్పు, ఒప్పుకోవాలి.

ఇంకో చిత్రం చూడండి. మద్రాసు రాష్ట్రంలో క్రోమ్ తోలు మొదలైంది 1903 ప్రాంతంలో, ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ అనే ఇంగ్లీషు అధికారి పూనికతో. ఆయన మనసులో ఉన్న ఉపయోగాల్లో ఒకటి నీళ్ళలో తొందరగా చివకని మోట తొండం. అంటే రైతు బావిలోంచి నీళ్ళు తోడడానికి ఉపయోగపడుతుందని వచ్చిన క్రోమ్, ఆఖరికి రైతు బావినే మింగింది.

చెక్క తోలు పద్ధతికి వెనక్కి పోదాం అనడం లేదు. దానికీ నీళ్ళు కావాలి, తోలు నిల్వకు ఉప్పు అప్పుడూ ఉంది. కానీ ఊరికి నాలుగు తోళ్ళు వేరు, రోజుకు వేల తోళ్ళు వేరు. ఈ వేలు ఎట్లా వచ్చాయి? 1973లో సీతారామయ్య కమిటీ సిఫారసుల మీద ప్రభుత్వం పచ్చి తోళ్ళు, సగం చేసిన తోళ్ళ ఎగుమతికి అడ్డుకట్ట వేసి, తయారైన తోలే ఎగుమతి చేయాలంది. విదేశీ డబ్బు ఎక్కువ వస్తుందని. అది దేశానికి మంచిదనే అనుకున్నారు. అదే కాలంలో యూరపు దేశాలు తమ నదుల పక్కన టానరీలు వద్దనుకున్నాయి. మెరిసే బూటు వాళ్ళ దుకాణానికి పోయింది. మొదటి ఐదు మెట్లూ పాలారు గట్టున మిగిలాయి.

టానరీ కూలీ మన శత్రువు కాదు. అతను నేనే. తొట్టిలో చచ్చేది అతనే, చేతులు పగిలేది అతనికే, సాయంత్రం ఇంటికి పోతే ఉప్పు నీళ్ళు తాగేదీ అతనే. రైతు సంఘమూ కూలీ సంఘమూ వేరువేరుగా అడిగితే యజమాని ఒకరిని చూపి ఒకరి నోరు మూయిస్తాడు. "నీళ్ళు అడిగితే ఫ్యాక్టరీ మూతపడుతుంది, నీ పని పోతుంది" అని కూలీకి చెబుతాడు. ఈ ఎత్తు నేను లోపల ఉండి చూశాను.

ఉప్పు తగ్గించే దారులు లేక కాదు. ఒలిచిన తోలును చల్లటి గదిలో ఉంచి, ఉప్పు లేకుండానే నేరుగా ఫ్యాక్టరీకి పంపవచ్చు. నానబెట్టక ముందే ఉప్పును పొడిగా బాగా దులిపి వేరు చేయవచ్చు. క్రోమ్ నీళ్ళను పట్టి మళ్ళీ వాడవచ్చు. 1948 నుంచి చెన్నై అడయారులో పనిచేస్తున్న కేంద్ర తోలు పరిశోధన సంస్థ నీళ్ళు లేని క్రోమ్ పద్ధతి కూడా తెచ్చింది. శాస్త్రం ఎప్పుడో చేతికి వచ్చింది. ఆ ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్నదే మిగిలిన పేచీ. ఇప్పటిదాకా రైతు పెట్టుకున్నాడు, తన బావితో.

మనం అడగాల్సినవి

మన రాష్ట్రంలోనూ ఈ మాట కొత్తది కాదు. ఒకప్పటి నెల్లూరు జిల్లా కోట మండలం కొత్తపట్నం దగ్గర, సముద్రపు ఒడ్డున తోళ్ళ కాంప్లెక్స్ ప్రతిపాదన ఏళ్ళ తరబడి నలుగుతోంది. రేపు మీ మండలానికీ రావచ్చు. వచ్చినప్పుడు ఊరకే "వద్దు" అంటే అభివృద్ధి నిరోధకులు అంటారు. ఊరకే "సరే" అంటే మా మామ గతి పడుతుంది. అందుకని ఈ ఐదూ అడగండి. కాగితం మీద జవాబు వచ్చేదాకా గ్రామసభలో చెయ్యి ఎత్తకండి.

1. ఉప్పు లెక్క. ఏడాదికి ఎన్ని టన్నుల ఉప్పు లోపలికి వస్తుంది, ఏ రూపంలో, ఎక్కడికి బయటికి పోతుంది? తెలుగులో రాసి గేటు ముందు బోర్డు పెట్టాలి. నెలనెలా మార్చాలి.

2. నది పరీవాహకంలో, చెరువుల ఎగువన, భూగర్భ జలం మీద బతికే ఊళ్ళ దగ్గర తోలు నానబెట్టే, సున్నం పెట్టే, క్రోమ్ పెట్టే పనులకు అనుమతి ఇవ్వకూడదు.

3. మొదలు పెట్టకముందే చుట్టుపక్కల ప్రతి బావి, ప్రతి బోరు నీళ్ళు పరీక్షించి రైతు చేతికి కాగితం ఇవ్వాలి. రేపు కోర్టులో "మీ బావి ముందు నుంచే ఉప్ప" అని అనకుండా.

4. పరిహారం డబ్బు ముందే డిపాజిట్ చేయాలి. పంట ఆదాయాన్ని బట్టి, నేల బాగయ్యే దాకా, ఏటేటా ఇవ్వాలి. పట్టా లేని సాగుదారుకూ, కౌలు రైతుకూ, నీళ్ళు కొనుక్కునే కూలి ఇంటికీ ఇవ్వాలి.

5. తొట్టిలోకి మనిషి దిగే పని ఆపాలి. కూలీలకు శాశ్వత ఉద్యోగం, ఉచిత వైద్యం. ఇది మన డిమాండు కాదు అనుకోవద్దు. ముందుగా మనదే.

ఈ ఐదుకూ ఒప్పుకుని, ఖర్చు తానే పెట్టుకుని నడిపే ఫ్యాక్టరీ ఉంటే రానివ్వండి. బూటు ధర కొంచెం పెరిగితే కొనేవాడు పెట్టుకుంటాడు. అది న్యాయమైన ధర. ఒప్పుకోలేమంటే, వాళ్ళు చెప్పే లాభమంతా మన బావిలోంచి తోడుకున్నదే అని అర్థం.

ఆ కుర్రాడికి నేను ఇవన్నీ చెప్పలేదు. బండి ఎక్కించుకుని మా మామ ఊరికి తీసుకుపోయాను. బావిలోంచి ఒక బక్కెట్టు తోడి, అరచేతిలో పోసి నాలుక మీద వేసుకోమన్నాను. వేసుకుని ఉమ్మేశాడు. తిరిగి వచ్చేదాకా దారిలో ఏమీ మాట్లాడలేదు. వచ్చే గ్రామసభలో మొదటి ప్రశ్న తానే అడుగుతానన్నాడు.

మీ ఊళ్ళో ఎవరు అడుగుతారో ఇప్పుడే తేల్చుకోండి. బావి ఉప్పగా మారాక అడిగితే జవాబు రావడానికి ఇరవై ఎనిమిదేళ్ళు పడుతుంది.